జపాన్ పల్లెల్లో షింటో గుడికి వెళ్లాలంటే: తరచుగా అడిగే ప్రశ్నలు

జపాన్‌లో ఉద్యోగాలు చేస్తున్న మనవాళ్లు, వాళ్ల దగ్గర రెండు మూడు నెలలు ఉండి వెళ్దామని వచ్చే అమ్మానాన్నలు నన్ను మళ్లీ మళ్లీ అడిగిన సందేహాలు ఇవి. టోక్యో, క్యోటోల్లోని పెద్ద గుళ్లలో ముందున్నవాళ్లు చేసినట్టు చేస్తే సరిపోతుంది. పల్లెలో అలా కాదు, ఒక్కోసారి గుడి మొత్తానికి మీరొక్కరే ఉంటారు, చెప్పేవాళ్లు ఉండరు, తప్పు చేస్తే ఆపేవాళ్లూ ఉండరు. అందుకే ముందే తెలుసుకుని వెళ్లడం మంచిది. ఉదాహరణలు ఎక్కువగా నగానో దగ్గరి తొగాకుషి నుంచి ఇచ్చాను, నేను ఎక్కువసార్లు వెళ్లింది అక్కడికే. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లిపోండి.

## బయలుదేరే ముందు

అది షింటో గుడో బౌద్ధ గుడో చూడగానే ఎలా తెలుస్తుంది?

షింటో అంటే జపాన్‌వాళ్ల సొంత దేవతారాధన. ముందు తోరీ అనే ద్వారం ఉందేమో చూడండి. రెండు నిలువు స్తంభాలు, వాటి మీద అడ్డంగా రెండు దూలాలు, అంతే. అది ఉంటే దాదాపుగా షింటో గుడి, జపనీస్‌లో జింజా అంటారు. అగరుధూపం, పెద్ద కంచు గంట, పక్కన సమాధులు ఉంటే బౌద్ధ ఆలయం, ఒతెరా. కొన్నిచోట్ల రెండూ కలగలిసి కనిపిస్తే కంగారు పడకండి, ఎందుకంటే వెయ్యేళ్లకు పైగా ఇవి కలిసే ఉన్నాయి, 1868లో మెయిజీ ప్రభుత్వం వేరుచేయమని ఆజ్ఞ ఇచ్చాకే విడిపోయాయి. తొగాకుషి కూడా అప్పటిదాకా బౌద్ధ సన్యాసులు, కొండల్లో కఠిన సాధన చేసే షుగెందో సాధకులు ఉన్న క్షేత్రమే.

మేం హిందువులం, లోపలికి రానిస్తారా? టికెట్ ఉంటుందా?

రానిస్తారు. మీ మతం ఏమిటని ఎవరూ అడగరు. పల్లె గుళ్లలో మామూలు దర్శనానికి టికెట్ ఉండదు, మ్యూజియంలాంటిది ఉంటే దానికి మాత్రం తీసుకుంటారు.

మొదటిసారి వెళ్లడానికి ఏ పల్లె గుడి బాగుంటుంది?

నన్నడిగితే తొగాకుషి. టోక్యో నుంచి నగానోకి షింకాన్‌సెన్ బుల్లెట్ రైల్లో గంటన్నర అటూ ఇటూ, అక్కడ స్టేషన్ ముందు నుంచి కొండమీదికి బస్సులో దాదాపు గంట. సముద్రమట్టానికి వెయ్యి మీటర్లు దాటిన ఊరు, మే నెలలో కూడా స్వెట్టర్ కావాలి. అక్కడున్నది ఒక్క గుడి కాదు, ఐదు: కింది నుంచి పైకి హోకోషా, హినోమికోషా, చూషా, ఆ పైన అడవిలో పక్కపక్కనే కుజుర్యూషా, ఒకుషా. ఒకుషాకు వెళ్లే దారి రెండు కిలోమీటర్లు. సగం దారిలో గడ్డి కప్పు మీద మొక్కలు మొలిచిన ఎర్రటి ద్వారం వస్తుంది, దాని పేరు జుయిషిన్‌మొన్. అది దాటగానే 400 ఏళ్ల నాటి దేవదారు చెట్లు రెండు వైపులా అరకిలోమీటరు పొడవునా నిలబడి ఉంటాయి. మొదటిసారి అక్కడ అడుగుపెట్టినప్పుడు మేం నలుగురం మాట్లాడుకుంటూ వస్తున్నవాళ్లం ఎవరూ చెప్పకుండానే మాటలు ఆపేశాం.

ఏ నెలలో వెళ్లాలి?

మే చివరి నుంచి నవంబరు మొదలు దాకా. ఆకులు రంగు మారేది అక్టోబరులో, సోబా అనే నూడుల్స్ చేసే కొత్త బక్‌వీట్ పిండి వచ్చేదీ ఆ చివర్లోనే, కాబట్టి జనం కూడా అప్పుడే ఎక్కువ. చలికాలంలో మనిషెత్తు మంచు పడుతుంది. ఒకుషా దగ్గర కౌంటర్ మూసేస్తారు, పై దారిలో మంచు బూట్లు లేకుండా నడవలేరు. కింద ఊళ్లోని చూషా మాత్రం ఏడాది పొడవునా తెరిచే ఉంటుంది.

ఇంట్లో ఈమధ్యే ఒకరు పోయారు. మైలలో వెళ్లకూడదంటారు కదా, అక్కడ కూడా అంతేనా?

అక్కడ కూడా అంతే. షింటోలో చావు మైల పట్టింపు ఉంది, దాన్ని కెగారె అంటారు. దగ్గరివాళ్లు పోతే 50 రోజుల దాకా జింజాకు వెళ్లకపోవడం వాళ్ల ఆచారం. మనలో ఏటి సూతకం పాటించేవాళ్లకు ఇది కొత్తగా అనిపించదు. బౌద్ధ ఆలయాలకు ఈ పట్టింపు లేదు, అందుకే ఆ రోజుల్లో నగానో దాకా వెళ్లాల్సి వస్తే ఊళ్లోని జెన్‌కోజీకి వెళ్లి దణ్ణం పెట్టుకుని రావచ్చు.

నెలసరి సమయంలో వెళ్లొచ్చా?

మామూలు దర్శనానికి వెళ్లే ఆడవాళ్లను ఇప్పుడు ఎవరూ అడగరు, అలాంటి బోర్డూ ఉండదు. ఒకప్పుడు పట్టింపులు గట్టిగానే ఉండేవి. తొగాకుషిలో ఒకుషా వైపు వెళ్లే పాత దారిలో ఆడవాళ్లు ఇక్కడి దాకానే అని ఆపేసిన చోటు గుర్తు ఇంకా ఉంది. 1872లో ప్రభుత్వం గుళ్లు, పుణ్యక్షేత్రాల్లో ఆడవాళ్లపై ఉన్న నిషేధాన్ని ఎత్తేసింది. నారాలోని ఓమినే కొండ మీద మాత్రం ఈనాటికీ ఆడవాళ్లను పైకి రానివ్వరు. మిగతా చోట్ల నిర్ణయం మీది. మా ఆవిడ, చెల్లి వెళ్లారు.

కొబ్బరికాయ, కర్పూరం, అగరొత్తులు పట్టుకెళ్లొచ్చా?

దయచేసి వద్దు. మా అమ్మ మొదటిసారి కొబ్బరికాయ బ్యాగులో పెట్టుకుని వచ్చింది, నచ్చజెప్పడానికి చాలాసేపు పట్టింది. అక్కడ కాయ కొట్టే చోటు ఉండదు, నీళ్లు, చిప్పలు ఎవరు శుభ్రం చేయాలన్నది కూడా ఆలోచించాలి. నిప్పు సంగతి ఇంకా పెద్దది. కట్టడాలన్నీ కొయ్య, కొన్నిటి కప్పు గడ్డి, చుట్టూ అడవి. 1949 జనవరి 26న హోర్యూజీ ఆలయంలో మంటలు లేచి గోడల మీది ప్రాచీన చిత్రాలు పాడైపోయాయి, అప్పటి నుంచి ఈ దేశం నిప్పు విషయంలో ఎంత జాగ్రత్తగా ఉందంటే ఆ తేదీని వారసత్వ కట్టడాల అగ్నిమాపక దినంగానే పెట్టుకుంది, ఏటా ఆ రోజు గుళ్ల దగ్గర నీళ్లు చిమ్మి డ్రిల్లు చేస్తారు. కుంకుమ, పసుపు కూడా స్తంభాలకు, రాళ్లకు పూయొద్దు. పూజ చేసుకోవాలని మనసు లాగితే ఇంట్లో చేసుకుని బయలుదేరండి. చేతులు జోడించి రెండు నిమిషాలు నిలబడితే అక్కడ అదే పూజ.

## దారిలో

పల్లె బస్సు ఎక్కడం ఎలా? కార్డు పనిచేస్తుందా?

కార్డును నమ్ముకోకండి, చిల్లర, వెయ్యి యెన్ల నోట్లు దగ్గర పెట్టుకోండి. చాలా పల్లె బస్సుల్లో ఎక్కేటప్పుడు తలుపు దగ్గర మిషన్ నుంచి నంబరు చీటీ తీసుకోవాలి, దిగేటప్పుడు ముందున్న బోర్డులో ఆ నంబరు కింద కనిపించే డబ్బు చీటీతో సహా పెట్టెలో వేయాలి. నోటుకు చిల్లర ఇచ్చే మిషన్ డ్రైవర్ పక్కనే ఉంటుంది, బస్సు ఆగి ఉన్నప్పుడే వాడండి. అన్నిటికంటే ముఖ్యం చివరి బస్సు టైము, దిగగానే స్టాపులోని పట్టికను ఫోటో తీసుకోండి. కొండ ఊళ్లలో సాయంత్రం ఐదారుకే బస్సులు అయిపోతాయి, టాక్సీ దొరకడం కష్టం.

కారు అద్దెకు తీసుకోవచ్చా? మన లైసెన్సు చెల్లుతుందా?

ఇండియా లైసెన్సు ఒక్కటే చెల్లదు. 1949 జెనీవా ఒప్పందం ప్రకారం ఇచ్చే అంతర్జాతీయ పర్మిట్ కావాలి, అది మన ఆర్టీఓ ఆఫీసులో బయలుదేరేముందే తీసుకోవాలి. బండి మనలాగే ఎడమవైపు నడుస్తుంది కాబట్టి ఆ టెన్షన్ లేదు. నవంబరు చివరి నుంచి మాత్రం మంచు టైర్లు ఉన్న కారే అడగండి.

మేం శాకాహారులం. అక్కడ ఏం తినాలి?

ఇదొక్కటే నిజంగా కష్టమైన విషయం. తొగాకుషి సోబాకి దేశమంతా పేరుంది, వెదురు చాట మీద చిన్న చిన్న పిడికిళ్లుగా పేర్చి పెడతారు, చూడ్డానికి పూర్తి శాకాహారంలాగే ఉంటుంది. కానీ ముంచుకునే పులుసులో ఎండబెట్టిన కత్సువో చేప రసం ఉంటుంది, దాన్నే దాషి అంటారు. ఆకుకూర వేపుడులో, మిసో సూపులో, కొన్ని పచ్చళ్లలో కూడా అదే. 'నికు తో సకానా వా తబెరారెమసెన్, దాషి మో దమే దెసు' అని చెప్పండి, మాంసం చేప తినం, దాషి కూడా వద్దు అని అర్థం. చాలా షాపుల్లో క్షమించండి అంటారు, అది అమర్యాద కాదు, నిజాయితీ. సోబాను పులుసు లేకుండా ఉప్పుతో తినే అలవాటు అక్కడివాళ్లకే ఉంది, అలా అడగవచ్చు. అయితే గోధుమ పిండితో అలెర్జీ ఉన్నవాళ్లు జాగ్రత్త, సోబాలో చాలాసార్లు గోధుమ కూడా కలుపుతారు. మేమైతే పులిహోర, పెరుగన్నం కట్టుకుని వెళ్తాం. గుడి ఆవరణలో కాకుండా పార్కింగ్ దగ్గరి బల్లల మీద తినండి. చెత్తడబ్బాలు ఉండవు కాబట్టి కవరు వెంట తెచ్చుకుని మొత్తం ఇంటికే తీసుకురండి.

రాత్రి అక్కడే ఉండొచ్చా?

ఉండొచ్చు, ఉంటేనే బాగుంటుంది కూడా. షుకుబో అని యాత్రికుల బసలు ఉన్నాయి, తరతరాలుగా అర్చకుల కుటుంబాలే నడుపుతున్నవి, కొన్నిటికి ఇంకా గడ్డి కప్పే. చూషా, హోకోషా చుట్టూ ఉన్న ఈ వీధులను 2017లో ప్రభుత్వం సంప్రదాయ కట్టడాల రక్షిత ప్రాంతంగా ప్రకటించింది. భోజనం గురించి బుక్ చేసేటప్పుడే రాతపూర్వకంగా చెప్పండి, వెళ్లాక చెబితే వాళ్లు మార్చలేరు.

ఎలుగుబంట్లు ఉంటాయని భయపెడుతున్నారు, నిజమా?

నిజమే. 2025లో జపాన్‌లో ఎలుగుబంటి దాడులు బాగా పెరిగాయి. బ్యాగుకి చిన్న గంట కట్టుకోండి, తెల్లవారుజామున, చీకటి పడ్డాక అడవి దారిలో ఒంటరిగా నడవొద్దు, తిండి ఎక్కడా వదిలిపెట్టొద్దు. దారి మొదట్లో ఎలుగు కనిపించిన తేదీ రాసిన బోర్డు ఉంటే ఫోన్‌లో అనువాదం చేసి చదవండి. ఆ తేదీ ఒకటి రెండు రోజుల కిందటిదైతే ఆ రోజుకి కింది గుళ్లతో సరిపెట్టుకోండి.

మా అమ్మానాన్నలకి మోకాళ్ల నొప్పులు, నడవగలరా?

ఒకుషా దారిలో మొదటి కిలోమీటరు చదును మట్టిరోడ్డు, దేవదారు చెట్ల మధ్య కూడా పెద్ద ఇబ్బంది లేదు, చివర్లో మాత్రం ఎత్తుపల్లాల రాతిమెట్లు, చేత్తో పట్టుకోవడానికి అన్నిచోట్లా ఏమీ ఉండదు. వానపడితే జారుతాయి. నాన్న జుయిషిన్‌మొన్ దాకా వచ్చి, చెట్లు చూసి, అక్కడి నుంచే దణ్ణం పెట్టుకుని వెనక్కి తిరిగారు, ఆయనకు ఏ వెలితీ అనిపించలేదు. హోకోషాకు 270కి పైగా మెట్లు ఉన్నాయి, మోకాళ్ల నొప్పి ఉన్నవాళ్లకు అది వద్దనే చెబుతాను. చూషా దగ్గర రోడ్డు గుడికి దగ్గరగా వస్తుంది, అక్కడ 800 ఏళ్ల నాటివని చెప్పే మూడు దేవదారు చెట్లు ఉన్నాయి, పెద్దవాళ్లకు అదే సుఖం. టాయిలెట్ దారి మొదట్లోనే చూసుకోండి.

## గుడి దగ్గర

చెప్పులు ఎక్కడ విప్పాలి?

విప్పక్కర్లేదు. తోరీ దగ్గర మనవాళ్లు అలవాటుగా వంగి చెప్పులు తీయబోతారు, అక్కర్లేదు. మంటపం లోపలికి పిలిచి కూర్చోబెట్టే పూజకు మాత్రం విప్పాలి. తోరీ ముందు ఒక్క క్షణం ఆగి తల వంచి లోపలికి వెళ్లండి, దారి మధ్యలో కాకుండా ఓ పక్కగా నడవండి, మధ్య భాగం దేవుడిదని వాళ్ల నమ్మకం. టోపీ తీసేయండి.

నీళ్ల తొట్టి దగ్గర ఏం చేయాలి? తాగొచ్చా?

కాళ్లు కడుక్కునే చోటు కాదు, తాగే నీళ్లూ కాదు. గరిటెను కుడిచేత్తో పట్టి ఎడమచేయి కడగండి, చేయి మార్చి కుడిచేయి కడగండి. మళ్లీ కుడిచేత్తో పట్టి ఎడమ అరచేతిలో కొంచెం నీళ్లు పోసుకుని నోరు పుక్కిలించి తొట్టి బయట ఉమ్మండి, గరిటెను నోటికి తగిలించొద్దు. ఎడమచేయి మరోసారి కడిగి, గరిటెను నిలువుగా పడితే మిగిలిన నీళ్లు పిడి మీదుగా జారి అదీ కడిగినట్టవుతుంది. ఇదంతా ఒక్క గరిటె నీళ్లతోనే. గరిటెలు లేకపోతే ధార కింద చేతులు కడుక్కుంటే చాలు. పల్లెల్లో తొట్టి ఎండిపోయి ఉండటమూ మామూలే, ఏమీ అనుకోకుండా ముందుకు వెళ్లండి.

ఎలా మొక్కాలి? చప్పట్లు కొట్టకపోతే తప్పా?

పెట్టెలో నాణెం వేసి, గంట తాడు ఉంటే ఒకసారి కదిపి, రెండుసార్లు నడుం దాకా వంగి, రెండుసార్లు చప్పట్లు కొట్టి, చేతులు జోడించి మనసులో చెప్పుకుని, చివర ఒకసారి వంగాలి. ఇజుమో గుడిలో నాలుగు చప్పట్లు. మన నమస్కారం చేసినా ఎవరూ తప్పుపట్టరు. వాళ్లు మొక్కేటప్పుడు ముందు తమ ఊరు, పేరు చెప్పుకుని ఆ తర్వాత కృతజ్ఞతలు చెబుతారు, కోరిక ఆఖరున. గోత్రనామాలు చెప్పుకునే మనకి ఇది బాగా దగ్గరగా అనిపిస్తుంది.

లోపల విగ్రహం కనిపించదేమిటి?

ఉండదు. మనం మొక్కేది ముందు మంటపం దగ్గర, దాని పేరు హైదెన్. వెనక మూసి ఉండే హోండెన్‌లో దేవుడు ఆవహించే వస్తువు, చాలాచోట్ల అద్దం, ఉంటుంది, దాన్ని ఎవరికీ చూపించరు. కొన్నిచోట్ల హోండెనే ఉండదు, నారాలోని ఓమివాలో కొండే దేవుడు. కింద నిలబడి కొండకు దణ్ణం పెట్టడం మనకి తిరుపతిలో అలవాటే.

తొగాకుషిలో ఉన్నది ఏ దేవుడు?

712లో రాసిన కోజికి అనే పురాణ గ్రంథంలో ఒక కథ ఉంది. సూర్యదేవత అమతెరాసు తమ్ముడి ఆగడాలకు విసిగి రాతి గుహలోకి వెళ్లి తలుపు మూసుకుంటే లోకం చీకటైపోయింది. దేవతలంతా కూడి ఆలోచన చేశారు, ఉజుమే అనే దేవత నాట్యం చేసింది, అందరూ నవ్వారు, ఆ నవ్వులేమిటా అని అమతెరాసు తలుపు కొంచెం తీయగానే తజికరావో అనే బలశాలి ఆమెను బయటికి లాగేశాడు. ఆయన విసిరిన రాతి తలుపు వచ్చి ఇక్కడ పడి కొండైందని స్థలపురాణం. తొగాకుషి అంటేనే తలుపు దాచిన చోటు. అందుకే ఒకుషాలో తజికరావో, హినోమికోషాలో నాట్యం చేసిన ఉజుమే, చూషాలో ఉపాయం చెప్పిన ఒమొయికనే. వీళ్లందరికంటే ముందు నుంచీ ఆ చోటి దేవుడు కుజుర్యూ, తొమ్మిది తలల నాగు, నీళ్లకు, వానకు అధిపతి. రైతులు వానల కోసం ఆయన్నే మొక్కేవాళ్లు. పుట్టలో పాలు పోసే నాగులచవితి ఇంటివాళ్లం, ఆ చిన్న గుడి ముందు నిలబడితే నాకు పరాయి చోటు అనిపించదు.

మన దేవతలు ఎవరైనా షింటో గుళ్లలో ఉన్నారా?

ఉన్నారు. బెన్‌జైతెన్ అంటే మన సరస్వతి, బౌద్ధంతో పాటు చైనా మీదుగా వచ్చింది, చేతిలో బివా అనే తంత్రీవాద్యం ఉంటుంది, చెరువుల మధ్య, దీవుల్లో చిన్న చిన్న గుళ్లు ఎక్కువ. దైకొకుతెన్ మహాకాలుడు, కిచిజోతెన్ లక్ష్మి. రూపాలు, కథలు అక్కడి నేలకు తగ్గట్టు మారాయి, అలా మారినట్టే చూడండి.

ప్రదక్షిణ చేయొచ్చా?

వద్దు. ఆ ఆచారం మామూలుగా లేదు, గర్భగుడి వెనక భాగం చాలాచోట్ల కంచె వేసి ఉంటుంది.

రూపాయి నాణెం వేయొచ్చా? ఎంత వేయాలి?

రూపాయి వద్దు, వాటిని బ్యాంకు మార్చదు, గుడివాళ్లకు బరువే. ఐదు యెన్ల నాణేన్ని గోయెన్ అంటారు, అనుబంధం అనే అర్థమొచ్చే మాట కూడా అలాగే పలుకుతుంది కాబట్టి చాలామంది అదే వేస్తారు. నేను మాత్రం వంద యెన్లే వేస్తాను. 2022 జనవరి నుంచి పోస్టల్ బ్యాంకులో కూడా నాణేలు జమ చేయడానికి రుసుము పెట్టారు, చిల్లర ఎక్కువైతే ఆ రుసుము పల్లె గుడికి భారమే. విసరకుండా మెల్లగా జారవిడవండి.

గుడి దగ్గర ఎవరూ లేరు, తాళం వేసి ఉంది. వెనక్కి రావాలా?

వెనక్కి రావద్దు. చాలా పల్లె గుళ్లకు అక్కడే ఉండే అర్చకుడు లేడు. ఒకే కన్నుషి, అంటే షింటో అర్చకుడు, పది, ఇరవై గుళ్లు చూసుకునే చోట్లు మామూలే, మిగతా రోజుల్లో ఊరివాళ్లు వంతులవారీగా ఊడ్చి, కొత్త షిమెనావా తాడు పేని కడతారు. ఆ తాడు కట్టిన చెట్టు, రాయి పవిత్రమైనవి, ముట్టుకోవద్దు. పిల్లలు ఊళ్లు వదిలి వెళ్లిపోతున్నారు, ఊడ్చేవాళ్లు డెబ్బై దాటినవాళ్లు. ఇది ఆ ఊరి గ్రామదేవత గుడి అనుకోండి, పొలిమేరలోని పోలేరమ్మ గుడికి పొరుగూరివాళ్లం వెళ్తే ఎంత మెత్తగా నడుస్తామో అలా. తాళం తీయడానికి చూడొద్దు, సందుల్లోంచి ఫోన్ పెట్టి తీయొద్దు. బయట నుంచే మొక్కి రండి.

ఫోటోలు, డ్రోన్?

ఆవరణలో ఫోటోలు పరవాలేదు. మంటపం లోపల, పూజ జరుగుతుంటే వద్దు. మొక్కుతున్నవాళ్ల ముఖాలు తీయొద్దు. డ్రోన్ అసలే వద్దు. తోరీ ఎక్కడం, దానికి వేలాడటం లాంటి వీడియోలు ఈమధ్య అక్కడివాళ్లను ఎంత బాధపెట్టాయో చెప్పలేను, మన పిల్లలకు ముందే చెప్పి తీసుకెళ్లండి.

## మొక్కాక

ఒమికుజి తీసుకుంటే చెడ్డది వస్తే?

ఒమికుజి అంటే జాతకపు చీటీ. చెడ్డదొస్తే అక్కడ కట్టిన తీగకు మడిచి కట్టేసి రావచ్చు, చెట్టు కొమ్మలకు కట్టొద్దు. తొగాకుషిలో మనం తీయం, వయసు చెబితే అర్చకుడు ప్రార్థించి తీసి ఇస్తాడు. ఆ వయసు కూడా పాత లెక్కలో, పుట్టగానే ఒకటి, కొత్త సంవత్సరం రాగానే ఇంకొకటి. మన పెద్దవాళ్లు 'వాడికి పదో ఏడు నడుస్తోంది' అంటారే, దాదాపు ఆ లెక్కే.

గోషూఇన్ అంటే ఏమిటి? ఎవరైనా తీసుకోవచ్చా?

దర్శనానికి వచ్చిన గుర్తుగా ఎర్ర ముద్ర వేసి కుంచెతో గుడి పేరు, తేదీ రాసిస్తారు. చాలాచోట్ల 300 నుంచి 500 యెన్లు. ముందు దర్శనం, తర్వాత ముద్ర. దానికోసమే ఉన్న మడత పుస్తకం ఇవ్వాలి, మామూలు నోట్‌బుక్ ఇస్తే తిరస్కరిస్తారు. విడి కాగితం మీద ముందే రాసి పెట్టినవి కూడా ఉంటాయి.

ఒమమోరి ఇండియాకి తీసుకెళ్తే ఏడాది తర్వాత ఏం చేయాలి?

రక్షరేకులాంటి ఆ సంచిని విప్పి చూడొద్దు. ఏడాదికి గుడిలో తిరిగి ఇచ్చేస్తే వాళ్లు పద్ధతిగా దహనం చేస్తారు. ఇండియాలో ఉన్నవాళ్లు మళ్లీ జపాన్ వచ్చేవాళ్లతో పంపొచ్చు, లేకపోతే పూజగదిలో శుభ్రమైన చోట ఉంచేయండి.

ప్రసాదం ఇస్తారా?

మామూలు రోజుల్లో ఇవ్వరు. పండగరోజుల్లో, కొత్త సంవత్సరంలో ఒమికి ఇస్తారు, అది బియ్యపు మద్యం, పిల్లలకు, డ్రైవింగ్ చేసేవాళ్లకు వద్దు. తాగనివాళ్లు రెండు చేతులతో అందుకుని పెదవికి తాకించి పక్కన పెట్టినా, వద్దని మెల్లగా తల ఊపినా సరిపోతుంది.

ఊరివాళ్లు ఎదురుపడితే ఏం మాట్లాడాలి? మాకు జపనీస్ రాదు.

'కొన్నిచివా' అని కొంచెం తల వంచండి. ఎందుకొచ్చారని అడిగినట్టు అనిపిస్తే 'ఒమైరి' అనండి, దర్శనానికి అని. ఓసారి పేరు కూడా తెలియని ఒక చిన్న గుడిలో ఆకులు ఊడుస్తున్న పెద్దాయనకి నేను ఆ ఒక్క మాటే చెప్పాను. ఆయన చీపురు చెట్టుకి ఆనించి, తాళం తీసి, మంటపం తలుపులు బార్లా తెరిచి, నేను మొక్కడం అయ్యేదాకా పక్కన నిలబడి, మళ్లీ మూసి తన పని తాను చేసుకున్నాడు.